గుండెపోటులో లయ తప్పడం: అపోహలు, వాస్తవాలు

గుండె రక్తనాళంలో గడ్డ ఏర్పడి ప్రవాహం ఆగినప్పుడు, ఆక్సిజన్ అందని కండర కణాల నుంచి పొటాషియం బయటికి వచ్చి, పక్కపక్కనే ఉన్న కండరంలో విద్యుత్తు ఒకచోట వేగంగా, మరోచోట మందంగా ప్రసరిస్తుంది. గుండెపోటు రోగుల్లో లయ తప్పడానికి ఇదే ప్రధాన కారణం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల కుటుంబాలతో మాట్లాడేటప్పుడు దీని గురించి తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: "దడ లేదు సార్, నొప్పి కూడా తగ్గింది, పట్నం పోయి చూపించుకుంటం."

వాస్తవం: ప్రాణం తీసే లయ చాలాసార్లు దడతో హెచ్చరించదు. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లో గుండె కొట్టుకోవడం మాని కేవలం వణుకుతుంది. నాడి అందదు, కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. ఈ ముప్పు మొదటి కొన్ని గంటల్లో, ముఖ్యంగా మొదటి గంటలో అత్యధికం. దానికి చికిత్స డిఫిబ్రిలేటర్‌తో ఇచ్చే షాక్ ఒక్కటే. ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం వరకు తగ్గుతుంది. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో రోగిని కారు వెనుక సీటులో పడుకోబెట్టి, దారిలోని ఆసుపత్రులన్నీ దాటుకుంటూ హైదరాబాద్‌కు తీసుకుపోవడం నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నిర్ణయం, ఎందుకంటే ఆ కారులో మానిటర్ ఉండదు, షాక్ ఇచ్చే యంత్రమూ ఉండదు. దగ్గరి ఆసుపత్రిలో స్టెంట్ వేయకపోవచ్చు. అయినా పది నిమిషాల్లో ఈసీజీ తీసి, పెద్ద గుండెపోటని తేలి, రెండు గంటల్లోపు స్టెంట్ సాధ్యం కాదనుకుంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి అంబులెన్స్‌లో పంపవచ్చు.

అపోహ: కుప్పకూలి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే అది ఫిట్స్, చేతిలో తాళంచెవులు పెట్టాలి.

వాస్తవం: గుండె ఆగిన మొదటి క్షణాల్లో మెదడుకు రక్తం అందక ఫిట్స్ లాంటి కదలికలు రావచ్చు, నోరు తెరిచి ఎగశ్వాస తీయవచ్చు. దానిని ఊపిరి ఆడుతున్నట్టుగా భావించరాదు. పిలిచినా పలకక, శ్వాస సక్రమంగా లేకపోతే 108కు ఫోన్ చేయించి, వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలి. తాళంచెవుల కోసం వెతికే సమయం ఇక్కడ లేదు.

అపోహ: మానిటర్‌లో ఎక్స్‌ట్రా బీట్లు కనిపిస్తే వాటిని ఆపే మందు ఇవ్వాలి.

వాస్తవం: ఒకప్పుడు వైద్యులమూ అలాగే అనుకున్నాం. 1989లో వెలువడిన 'కాస్ట్' అధ్యయనంలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ఆ బీట్లను చక్కగా అణచినా, వాటిని వాడినవారిలో మరణాలు డమ్మీ మాత్ర తీసుకున్నవారిలో కంటే ఎక్కువగా నమోదయ్యాయి. అందుకే ఇప్పుడు బీట్ల వెంట పడకుండా మూసుకున్న నాళాన్ని తెరుస్తాం, పొటాషియం, మెగ్నీషియం సరిచూస్తాం, వీలైనవారికి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇస్తాం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పూర్తయ్యాక కొద్దిసేపు నిమిషానికి 60 నుంచి 120 వరకు వెడల్పాటి బీట్లు వరుసగా వస్తే బంధువులు కంగారుగా నర్సును పిలుస్తారు. బీపీ నిలకడగా ఉంటే అది చాలాసార్లు రక్తం తిరిగి పారుతోందనడానికి సూచనే, సాధారణంగా మందు అవసరం లేకుండానే తగ్గిపోతుంది.

అపోహ: నాడి బాగా తగ్గిందంటే పేస్‌మేకర్ తప్పదు.

వాస్తవం: అది పోటు వచ్చిన చోటును బట్టి ఉంటుంది. గుండె అడుగుభాగపు పోటులో వచ్చే బ్లాక్ (రక్తనాళంలో కాదు, గుండెలో విద్యుత్తు ప్రసరించే దారిలో అడ్డు) ఎక్కువమందిలో కొన్ని రోజుల్లోనే సర్దుకుంటుంది, నాడి వేగం పెంచే అట్రోపిన్ మందుకు తరచుగా లొంగుతుంది. ముందుభాగపు పోటులో పూర్తి బ్లాక్ వస్తే మాత్రం చాలా కండరం దెబ్బతిన్నదని అర్థం. అక్కడ తాత్కాలిక పేస్‌మేకర్‌కు ఆలస్యం చేయరాదు.

అపోహ: షాక్ ఇచ్చి బతికించారు కనుక వెంటనే ఛాతీలో షాక్ యంత్రం అమర్చాలి.

వాస్తవం: పోటు వచ్చిన తొలి 48 గంటల్లోని ఫిబ్రిలేషన్‌కు సాధారణంగా ఆ యంత్రం అవసరం ఉండదు. మందులు సక్రమంగా వాడుతూ, కనీసం 40 రోజుల తర్వాత, స్టెంట్ వేసి ఉంటే దాదాపు మూడు నెలలకు, ఎకో (గుండె స్కాన్) తీసి పంపింగ్ శక్తి అప్పటికీ 35 శాతం లేదా అంతకన్నా తక్కువగా ఉంటే, ఆయాసం వంటి లక్షణాలను కూడా చూసి నిర్ణయిస్తాం. కనుక ఆ ఎకో తేదీని డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోవాలి, ఈలోగా డాక్టరును అడగకుండా బీటా బ్లాకర్ గోలీలు ఆపరాదు.