ఓటు నిబంధనలు ఎవరు రాయాలి: అమెరికా రాష్ట్రాల్లో సంప్రదాయవాద కార్యకర్తల వాదన వెనుక చరిత్ర

అమెరికాలో దేశం మొత్తానికి ఎన్నికలు నిర్వహించే సంస్థ అంటూ ఏదీ లేదు. ప్రతినిధుల సభకు, సెనేట్‌కు ఎన్నికలు ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో జరగాలో రాష్ట్రాల శాసనసభలే నిర్ణయించాలని రాజ్యాంగం మొదటి అధికరణంలోని నాలుగో విభాగం చెబుతుంది. ఆ నిబంధనలను మార్చే అధికారాన్ని మాత్రం కాంగ్రెస్‌కు అట్టిపెట్టింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల నియామకం కూడా శాసనసభలు చెప్పిన తీరులోనే సాగాలి. ఆచరణలో ఓటర్ల జాబితా, పోలింగ్ కేంద్రం, ఓట్ల లెక్కింపు చాలావరకు కౌంటీ (మన జిల్లా లాంటిది) లేదా పట్టణ అధికారుల చేతుల్లో ఉంటాయి. అందుకే ఎన్నికల నిబంధనల మీద అక్కడ జరిగే ప్రతి పోరూ ఏదో ఒక రాష్ట్ర రాజధానికీ, అక్కడి నుంచి ఒక కౌంటీ కార్యాలయానికీ చేరుతుంది.

ఎక్కువగా రిపబ్లికన్ పార్టీ వైపు ఉండే సంప్రదాయవాద కార్యకర్తలు గట్టిగా మాట్లాడేది కూడా ఆ కార్యాలయాల్లోనే. ప్రిసింక్ట్ అనే చిన్న పోలింగ్ ప్రాంతానికి పార్టీ తరఫున ఎన్నికైన కమిటీ సభ్యులు, పోలింగ్ రోజున పరిశీలకులుగా కూర్చునేవారు, కౌంటీ కమిషన్ సమావేశానికి వచ్చి కేటాయించిన కొద్ది నిమిషాల్లో తమ అభ్యంతరం చెప్పి వెళ్ళేవారు వీరిలో ఉంటారు. ఓటు వేసే మనిషి ఫోటో గుర్తింపు చూపాలి, ఓటరుగా చేరేటప్పుడు పౌరసత్వం రుజువు చేయాలి, చనిపోయినవారి పేర్లూ ఊరు మారినవారి పేర్లూ జాబితాలో మిగలకూడదు, పోస్టల్ ఓటు నిజంగా అవసరమైనవారికే ఉండాలి, లెక్కింపు అదే రాత్రి అందరి కళ్ళ ముందు ముగియాలి, పార్టీ అభ్యర్థిని పార్టీవాళ్ళే ఎంచుకోవాలి అన్నవి వీరి ముఖ్యమైన కోరికలు. ఒక్కో కోరిక వెనుక ఒక్కో చరిత్ర ఉంది. అది తెలియకపోతే వీరి పట్టుదలా అర్థం కాదు, వీరిని చూసి కలవరపడేవారి భయమూ అర్థం కాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం ప్రభుత్వం బ్యాలెట్ పత్రాలను ముద్రించేది కాదు. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చువేసి పంచేవి. రంగు చూసి ఎవరు ఎవరికి ఓటేశారో దూరం నుంచే చెప్పగలిగే రోజులవి. కాబట్టి ఓటు కొన్నవాడు తన డబ్బుకు ఫలితం దక్కిందో లేదో అక్కడే తేల్చుకునేవాడు. 1888లో మసాచుసెట్స్ రాష్ట్రం ప్రభుత్వమే ముద్రించే రహస్య బ్యాలెట్‌ను చట్టం చేశాక కొద్ది ఏళ్ళలోనే మిగిలిన రాష్ట్రాల్లో అత్యధికం ఆ దారి పట్టాయి. ఓటర్ల నమోదు కూడా ఒక్కసారిగా రాలేదు. ఒక్కో రాష్ట్రం తన అవసరం చూసుకుని తెచ్చుకుంది. నార్త్ డకోటా అయితే 1951లో నమోదు పద్ధతినే రద్దు చేసింది. నేటికీ అక్కడ ముందస్తు నమోదు లేదు, గుర్తింపు చూపి ఓటు వేస్తారు. సంప్రదాయవాదుల కంచుకోట లాంటి రాష్ట్రంలో ఈ ఏర్పాటు ఇన్ని దశాబ్దాలుగా నిలవడం, నిబంధనలు స్థానికంగానే పుట్టాలన్న వాదనకు మంచి ఉదాహరణ.

అయితే రాష్ట్రాలకు వదిలేసిన అధికారం ఏం చేయగలదో 1890లో మిసిసిపీ చూపించింది. ఆ ఏడాది రాసుకున్న కొత్త రాష్ట్ర రాజ్యాంగం ఓటుకు పన్ను పెట్టింది. రాజ్యాంగంలోని ఏదైనా భాగాన్ని చదవాలనీ, లేదా వినిపిస్తే దాని అర్థం చెప్పాలనీ షరతు విధించింది. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది నమోదు అధికారి. జాతి అన్న మాట ఎక్కడా లేకుండానే నల్లజాతి ఓటర్లను దాదాపు పూర్తిగా జాబితాల నుంచి తొలగించగలిగిన ఈ పద్ధతిని 1898లో సుప్రీంకోర్టు సైతం తప్పుపట్టలేదు. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు పన్నును నిషేధించిన 24వ సవరణ 1964లోగానీ రాలేదు. 1965 నాటి ఓటు హక్కుల చట్టం వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాల్లో ఏ ఎన్నికల నిబంధన మార్చాలన్నా కేంద్రం నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలన్నది. 2013 జూన్‌లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో, ఎవరికి ఆ షరతు వర్తించాలో తేల్చే సూత్రాన్ని కొట్టివేసే వరకూ అది అమల్లో ఉంది. గుర్తింపు కార్డు అనగానే ఒక వర్గం ఉలిక్కిపడటానికి మూలం ఇక్కడుంది. కార్యకర్తల్లో చాలామంది తమను ఆ పాత పాపంతో ముడిపెట్టడం అన్యాయమని బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. కానీ మిసిసిపీ జ్ఞాపకాన్ని పక్కనపెట్టి ఈ చర్చ జరపడం కూడా నిజాయితీ కాదు.

కార్యకర్తల వైపు జ్ఞాపకాలు వేరు. 1948లో టెక్సస్‌లో సెనేట్ స్థానానికి డెమొక్రాటిక్ పార్టీ తుది ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) లిండన్ జాన్సన్, రాష్ట్ర మాజీ గవర్నర్ కోక్ స్టీవెన్‌సన్‌పై 87 ఓట్లతో గెలిచారు. పోలింగ్ ముగిసిన ఆరు రోజులకు ఆలిస్ అనే పట్టణంలోని 13వ నంబరు పెట్టెలో అదనంగా 202 మంది ఓటర్లు తేలారు. వారి పేర్లు అక్షర క్రమంలో, ఒకే సిరాతో రాసి ఉన్నాయి. 1960లో ఇల్లినాయ్ రాష్ట్రాన్ని జాన్ కెనెడీ తొమ్మిది వేలకు లోపు ఆధిక్యంతో గెలిచినప్పుడు, మేయర్ రిచర్డ్ డేలీ యంత్రాంగం నడిపిన షికాగో మీద రిపబ్లికన్లు వేలెత్తి చూపారు. అక్కడి పునర్లెక్కింపులో తేడాలు బయటపడినా ఫలితం మారలేదు. తరాలు మారినా ఈ రెండు ఉదంతాలూ కార్యకర్తల మాటల్లో నిలిచిపోయాయి, ముఖ్యంగా మొదటిది, ఎందుకంటే అందులో అనుమానానికి ఆధారం కాగితం మీదే ఉంది.

దీనికి స్పందనగా రిపబ్లికన్ పార్టీ చేసిన పనులన్నీ మెచ్చుకోదగ్గవి కావు. 1981లో న్యూజెర్సీ గవర్నర్ ఎన్నికలో, బ్యాలెట్ భద్రత పేరుతో, డ్యూటీలో లేని పోలీసులను చేతికి పట్టీలు కట్టి మైనారిటీలు ఉండే పోలింగ్ కేంద్రాల దగ్గర నిలబెట్టారు. దానిపై దాఖలైన కేసులో 1982లో పార్టీ జాతీయ కమిటీ అంగీకరించిన కోర్టు ఒప్పందం, అలాంటి నిఘాకు దిగరాదని కట్టడి చేసింది. ఆ కట్టడి 2018 ఆరంభం వరకు తొలగలేదు. అంటే దాదాపు మూడున్నర దశాబ్దాల పాటు పోలింగ్ పరిశీలనలో జాతీయ పార్టీ చేతులు కట్టుబడి ఉన్నాయి. ఆ ఖాళీలోకి స్థానిక స్వచ్ఛంద బృందాలు వచ్చాయి. 2009లో పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గాలన్న సంప్రదాయవాదుల టీ పార్టీ ఉద్యమం పుట్టాక అవి బలపడ్డాయి. నేడు పార్టీ నాయకత్వాన్ని కూడా నిలదీసే స్వతంత్ర స్వభావం ఈ కార్యకర్తలకు కొంతవరకు అక్కడే అబ్బిందని నా అభిప్రాయం.

జాబితాల తగాదాకు 1993 నాటి జాతీయ ఓటర్ల నమోదు చట్టం కేంద్రబిందువు. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునే చోటే ఓటరుగా చేరే అవకాశం అది కల్పించింది. అదే చట్టం, ఓటు వేయలేదన్న ఒక్క కారణంతో పేరు తొలగించకూడదనీ, ఊరు మారారన్న అనుమానం ఉంటే నోటీసు పంపి, జవాబు రాకపోతే రెండు ఫెడరల్ సార్వత్రిక ఎన్నికల వరకు వేచి చూడాలనీ చెప్పింది. ఎవరి హక్కూ పొరపాటున పోకూడదన్న ఆలోచన మంచిదే. కానీ ఎప్పుడో వెళ్ళిపోయిన పొరుగువారి పేరు ఏళ్ళ తరబడి జాబితాలో కనిపించడానికి కూడా ఆ నిబంధనే కారణం. జాబితాలో మిగిలిన పేరు, దొంగ ఓటు రెండూ ఒకటి కావు. కార్యకర్తల వాదన తరచూ బలహీనపడేది ఈ తేడా దగ్గరే.

2000లో ఫ్లోరిడా అధ్యక్ష పీఠాన్ని 537 ఓట్లతో తేల్చాక, కాంగ్రెస్ 2002లో పాత ఓటింగ్ యంత్రాలను మార్చడానికి నిధులిస్తూ చట్టం చేసింది. 2005లో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ నేతృత్వంలోని కమిషన్ ఫోటో గుర్తింపును సిఫారసు చేసింది. కార్డును ఉచితంగా ఇవ్వాలని, దాన్ని లేనివారికి చేర్చే బాధ్యత రాష్ట్రాలదేనని కూడా చెప్పింది. మోసానికి ఎక్కువ అవకాశం ఉన్నది పోస్టల్ ఓటులోనేనని హెచ్చరించింది. అదే ఏడాది ఇండియానా ఫోటో గుర్తింపును తప్పనిసరి చేసింది. 2008లో సుప్రీంకోర్టు 6–3తో సమర్థించింది. ఆ తీర్పులో ప్రధాన అభిప్రాయం రాసినవారు ఉదారవాదిగా పేరున్న జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్. ఇండియానాలో ఒకరి పేరుతో మరొకరు పోలింగ్ కేంద్రానికి వచ్చి ఓటేసినట్టు రికార్డులో ఒక్క ఆధారమూ లేదని అంగీకరిస్తూనే, ఎన్నికల మీద జనానికి నమ్మకం ఉండటం కూడా రాష్ట్రానికి తగిన ప్రయోజనమేనని ఆయన అన్నారు. కమిషన్ సిఫారసులో గుర్తింపు తప్పనిసరి అన్న సగాన్నే చాలామంది గుర్తుంచుకున్నారు. కార్డు అందించే బాధ్యత గురించిన సగాన్ని కూడా అంతే పట్టుదలతో అమలు చేసి ఉంటే, ఈ తగాదా చాలావరకు చల్లారేది.

బయటి పార్టీతో తగవు ఒక ఎత్తయితే, సొంత పార్టీ పెద్దలతో తగవు మరో ఎత్తు. 2010లో యూటా రిపబ్లికన్ మహాసభలో ప్రతినిధులు పదవిలో ఉన్న సెనేటర్ బాబ్ బెనెట్‌ను మూడో స్థానానికి నెట్టి బరిలోంచి తప్పించారు. 2014లో ఆ రాష్ట్ర శాసనసభ, సంతకాలు సేకరించి మహాసభతో నిమిత్తం లేకుండా ప్రైమరీలో నిలబడే దారి తెరిచింది. దీన్ని తమ గొంతు నొక్కడంగానే ప్రతినిధులు భావించారు. అదే ఏడాది మిసిసిపీలో సెనేటర్ థాడ్ కాక్రన్, తొలి విడతలో తనకంటే ముందున్న క్రిస్ మెక్‌డానియెల్‌ను తుది విడతలో ఓడించారు. ఆ గెలుపులో డెమొక్రాటిక్ మద్దతుదారుల ఓట్లు పెద్ద పాత్ర వహించాయి. ఓటర్లు పార్టీ పేరు నమోదు చేసుకునే పద్ధతి అక్కడ లేదు కాబట్టి అది చట్టబద్ధమే. పార్టీవాళ్ళు మాత్రమే ఓటు వేసే మూసిన ప్రైమరీ కావాలన్న డిమాండ్‌కు ఈ ఘటన కొత్త ఊపునిచ్చింది. అన్ని పార్టీల అభ్యర్థులనూ ఒకే బ్యాలెట్‌పై పెట్టే పద్ధతిని 1970ల నుంచి పాటించిన లూయిసియానా, కొన్ని పదవులకు 2026 నుంచి పార్టీ ప్రైమరీలకు మళ్ళుతూ 2024లో చట్టం చేసింది.

పెన్సిల్వేనియాలో ఎవరైనా కారణం చెప్పకుండా పోస్టల్ ఓటు వేయవచ్చన్న చట్టం 2019 అక్టోబరులో వచ్చింది. దాన్ని ఆమోదించింది రిపబ్లికన్లు ఆధిక్యంలో ఉన్న శాసనసభే. మరుసటి ఏడాది కోవిడ్ కారణంగా పోస్టల్ ఓట్లు వెల్లువెత్తాయి. పోలింగ్ రోజు ఉదయం ఏడు గంటలకు ముందు వాటి కవర్లు తెరవకూడదన్న నిబంధనను మాత్రం ఎవరూ మార్చలేదు. దాంతో లెక్కింపు రోజుల తరబడి సాగింది. తొలి రాత్రి డొనాల్డ్ ట్రంప్‌కు కనిపించిన ఆధిక్యం క్రమంగా కరిగిపోయింది. ఓట్లు చేరే గడువును రాష్ట్ర సుప్రీంకోర్టు మూడు రోజులు పొడిగించడం కార్యకర్తలను మరింత రెచ్చగొట్టింది. శాసనసభ రాసిన గడువును కోర్టు మార్చడమేమిటన్న వారి ప్రశ్నలో బలముంది. అయితే ఆ గడువు తర్వాత వచ్చిన ఓట్లు సుమారు పది వేలు. వాటిని విడిగా ఉంచారు. రాష్ట్రంలో తేడా ఎనభై వేలకు పైగా ఉంది.

ఎన్నికే దొంగిలించారన్న ఆరోపణ మాత్రం పరీక్షకు నిలబడలేదు. ట్రంప్ పక్షం వేసిన దాదాపు అరవై వ్యాజ్యాలు దాదాపు అన్నీ వీగిపోయాయి. జార్జియాలో చేతితో లెక్కించిన తర్వాత కూడా అదే ఫలితం వచ్చింది. అరిజోనాలో రాష్ట్ర సెనేట్ రిపబ్లికన్లు స్వయంగా నియమించిన సంస్థ 2021లో మారికోపా కౌంటీ ఓట్లను తిరిగి లెక్కిస్తే, జో బైడెన్‌కు 99 ఓట్లు పెరిగి, ట్రంప్‌కు 261 తగ్గాయి. అయినా ఆ అనుమానం నుంచే 2021 నాటి జార్జియా, ఫ్లోరిడా, టెక్సస్ చట్టాలు పుట్టాయి. ఎన్నికల కార్యాలయాలకు ప్రైవేటు విరాళాలను పలు రాష్ట్రాలు నిషేధించాయి. ఓటర్ల జాబితాలను పోల్చిచూసుకునేందుకు 2012లో ఏడు రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న ఎరిక్ వ్యవస్థ నుంచి లూయిసియానా మొదలుకొని ఫ్లోరిడా, ఒహాయో, టెక్సస్ వరకు వరుసగా తప్పుకున్నాయి. ఊరు మారిన ఓటరును పట్టిచ్చే సాధనాన్ని, జాబితా శుభ్రంగా ఉండాలని అందరికంటే గట్టిగా కోరేవారే వదిలించుకోవడం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే విచారం కలిగించే మలుపు.

పౌరసత్వ రుజువు ఈ వాదనలో సరికొత్త అంకం. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం 1996 నుంచే కేంద్ర చట్టం ప్రకారం నేరం. కాన్సస్ ఒక అడుగు ముందుకేసి, నమోదుకే పత్రాలు కావాలని 2013 నుంచి అమలు చేస్తే సుమారు 31 వేల దరఖాస్తులు ఆగిపోయాయి. 19 ఏళ్ళలో జాబితాకెక్కిన పౌరేతరులు మహా అయితే 39 మందేనని తేల్చి, 2020లో అప్పీళ్ళ కోర్టు ఆ నిబంధన చెల్లదన్న తీర్పును ఖాయం చేసింది. ఇప్పుడు అదే కోరిక వాషింగ్టన్‌కు చేరింది. దేశమంతటా పత్రాలు తప్పనిసరి చేసే సేవ్ బిల్లును ప్రతినిధుల సభ 2024లోనూ, 2025 ఏప్రిల్‌లోనూ ఆమోదించింది. అయితే 2021లో డెమొక్రాట్లు దేశవ్యాప్త ఎన్నికల బిల్లు తెచ్చినప్పుడు, ఇది రాష్ట్రాల హక్కును లాక్కోవడమేనని ఎదిరించినవారిలో ఈ కార్యకర్తలే ముందున్నారు.

రాష్ట్రాల్లో జనాన్ని నేరుగా అడిగినప్పుడు మాత్రం జవాబులు పార్టీ గీతల వెంట నడవడం లేదు. 2025 ఏప్రిల్ 1న విస్కాన్సిన్ ఓటర్లు ఫోటో గుర్తింపును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. అదే రోజు, అదే పోలింగ్‌లో, రాష్ట్ర సుప్రీంకోర్టుకు ఉదారవాద న్యాయమూర్తిని గెలిపించారు. అదే ఏడాది నవంబరులో మెయిన్ ఓటర్లు గుర్తింపు షరతుతో పాటు పోస్టల్ ఓటుకు కోతలను కూడా కలిపిన ప్రతిపాదనను తిరస్కరించారు. నెవాడా ఓటర్లు 2024లో గుర్తింపు సవరణకు పెద్ద మెజారిటీతో మద్దతు పలికారు. అక్కడి నియమం ప్రకారం, ప్రజలు ప్రతిపాదించిన రాజ్యాంగ సవరణ వరుసగా రెండు సార్వత్రిక ఎన్నికల్లో గెలిస్తేనే అమలవుతుంది కాబట్టి, అది 2026 నవంబరులో మళ్ళీ ప్రజల ముందుకు రావలసి ఉంటుంది.