సిగ్నల్ దగ్గర వణికే కారు

బెంగళూరులో సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మా పాత పెట్రోల్ కారు వణికేది. స్టీరింగ్ మీద పెట్టిన చెయ్యి కూడా అదిరేది, ఒక్కోసారి గ్రీన్ పడేలోపే ఇంజిన్ ఆగిపోయేది, ఇక వెనక నుంచి హారన్లు, టెన్షన్. అదే కారు రింగ్ రోడ్డు మీద అరవైలో పోతుంటే మాత్రం ఏ జబ్బూ లేనట్టు సాఫీగా పోయేది. ప్లగ్గులు మార్పించాను, గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్ని విప్పించి కడిగించాను, డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు. ఆగితే జబ్బు, పరుగెడితే ఆరోగ్యం అన్న ఆ తేడాని ముందే పట్టించుకోవాల్సింది, ఎందుకంటే వాక్యూమ్ లీక్, అంటే ఇంజిన్ గాలి లాగే దారిలో ఎక్కడో సందు పడి బయటి గాలి దూరడం, దాని తీరే అది.

పిస్టన్ కిందికి దిగేటప్పుడు సిరంజిలాగా గాలిని లోపలికి లాగుతుంది. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) మనం యాక్సిలరేటర్ తొక్కం కాబట్టి గాలి దారికి అడ్డంగా ఉండే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకునే ఉంటుంది, దాంతో మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి చేర్చే గొట్టం) లోపలి పీడనం బయటి పీడనంలో మూడో వంతు దాకా పడిపోతుంది. సగానికి కాస్త పైన, 53 శాతం కంటే తగ్గితే చాలు, ఎంత చిన్న చీలిక ఉన్నా బయటి గాలి అందులోంచి దాదాపు శబ్దవేగంతో దూసుకొస్తుంది. బానెట్ ఎత్తితే వినిపించే ఆ 'స్స్' చప్పుడు దానిదే.

800 సీసీ ఇంజిన్‌కి సుమారుగా లెక్క వేసి చూశాను. ఐడిల్‌లో అది సెకనుకి తాగే గాలి రెండు గ్రాముల లోపే. రెండు మిల్లీమీటర్ల రంధ్రం, అంటే అగ్గిపుల్ల దూరేంత సందు, ఒక్కటే సెకనుకి అర గ్రాముకి పైగా లోపలికి వదిలేస్తుంది! పెట్రోల్ గ్రాము కాలడానికి 14.7 గ్రాముల గాలి సరిపోతుంది, కానీ ఈ దొంగదారి గాలి కార్బురేటర్ గుండా రాలేదు కాబట్టి దానికి తగ్గ పెట్రోల్ కలవదు, మిశ్రమం పల్చబడి కొన్నిసార్లు సిలిండర్లో అంటుకోకుండానే పోతుంది. వణుకు అదే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రేకు తెరుచుకుని లోపలి లాగుడు తగ్గుతుంది, ఇంజిన్ సెకనుకి ముప్ఫై గ్రాముల దాకా గాలి తాగుతుంది, అప్పుడు ఆ చీలిక లెక్కలోకే రాదు. ఇంజెక్షన్ కార్లలో లక్షణం కొంచెం మారుతుంది: కొన్నింట్లో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, కొన్నింట్లో ఐడిలే పైకి ఎక్కి కూర్చుంటుంది.

చివరికి మా కారు లీకు పట్టింది మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మెకానిక్ ఒకాయన. మూరెడు రబ్బరు పైపు ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని ఒక్కో జాయింటు దగ్గరికి తీసుకెళ్తూ, "ఇంజిన్ ఆపొద్దు సార్, అట్లే ఉండనీండి" అన్నాడు. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు పైపు దగ్గర ఆగాడు; ఇంజిన్ లాగుడుని వాడుకుని పెడల్ తొక్కడాన్ని తేలిక చేసేదే ఆ బూస్టర్. "ఈడ గాలి లాగతా ఉంది." దాని మీద స్ప్రే బాటిల్‌తో నాలుగు చుక్కల నీళ్లు కొట్టగానే ఇంజిన్ శబ్దం మారిపోయింది, నీళ్లు ఆ సందుని క్షణం పాటు మూశాయి మరి. (కార్బ్ క్లీనర్ కొట్టి చూసేవాళ్లూ ఉన్నారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది భగ్గుమంటుంది, నన్నడిగితే ఇంట్లో ఆ పని వద్దు.) పైనుంచి చూస్తే పైపు నల్లగా నున్నగానే ఉంది. క్లిప్ వదులు చేసి వంచితే అడుగు వైపు గోరు దూరేంత చీలిక. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికీ, గాలిలోని ఓజోన్‌కీ రబ్బరు గట్టిపడిపోతుంది, సాగి ఉన్నచోట, వంపుల దగ్గర ముందు పగులుతుంది. కొన్నాళ్లుగా బ్రేక్ పెడల్ గట్టిగా ఉందని ప్యాడ్ల మీద అనుమానపడ్డాను, దానికీ కారణం ఈ పైపే.

దీనికి టేపు చుట్టడం, ఎం-సీల్ పెట్టడం పనికిరావు. అదే సైజు వాక్యూమ్ పైపే వేయాలి, మెత్తటి మామూలు పైపు వేస్తే లాగుడుకి అణిగిపోతుంది. అందులో ఉండే వన్-వే వాల్వ్ తిరగబడకూడదు. పైపులన్నీ బాగున్నాయంటే కార్బురేటర్ కింది ప్యాకింగ్, మానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడాలి. కొత్త పైపు వేశాక ఇంజిన్ ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టే స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఆ లాగుడుని కొలిచే వాక్యూమ్ గేజ్ దగ్గర. మంచి ఇంజిన్ పాదరసం లెక్కలో 17 నుంచి 22 అంగుళాలు చూపించాలని రాసి ఉంటుంది, అది సముద్రమట్టం లెక్క. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకి సుమారు ఒక అంగుళం తగ్గుతుంది, బెంగళూరు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. పైపు మార్చకముందు మా గేజ్ ముల్లు 13 దగ్గర ఊగుతుండేది, మార్చాక 16 దగ్గర కదలకుండా నిలబడింది. ఇంకా తక్కువే ఉందని ఏదీ విప్పించలేదు. తర్వాత కృష్ణగిరి మీదుగా చెన్నై వెళ్లినప్పుడు మా పిన్ని వాళ్లింటి ముందు అదే గేజ్ మళ్లీ పెట్టి చూశాను, ముల్లు 19 మీద ఉంది.