పాలలో నీళ్లు దొరికాయి, క్రిముల సంగతేంటి?

ఎండలు ముదిరాయంటే భీమవరం నుంచి అమలాపురం దాకా ఒకటే ప్రశ్న: పాలు, ఐస్‌క్రీములు అసలెవరైనా తనిఖీ చేస్తున్నారా? చేస్తున్నారు. కాకపోతే ఆ తనిఖీ పుట్టిందే ఒక్క అనుమానం మీద, పాలలో నీళ్లు కలిపారా లేదా అని.

గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే 1918లో అక్కడ కల్తీ నిరోధక చట్టం వచ్చింది. ఆ తర్వాత దేశమంతటికీ 1954 చట్టం చేసి 1955 జూన్ 1 నుంచి అమల్లో పెట్టారు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ పాలు కొని (డబ్బులిచ్చే కొనాలి, ఊరికే పట్టుకుపోకూడదు), మూడు సీసాల్లో పోసి, పాడవకుండా ఫార్మలిన్ కలిపి, సీలు వేసి ఒకటి అనలిస్టుకి పంపేవాడు. గేదె పాలయితే వెన్న 5 శాతం, మిగతా ఘనపదార్థాలు 9 శాతం ఉన్నాయా, అదే పరీక్ష. తగ్గితే కేసు, రుజువైతే సాధారణంగా కనీసం ఆరు నెలల జైలు. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫార్మలిన్ పడ్డాక పాలలోని క్రిములు చచ్చిపోతాయి, కాబట్టి మనకి వాంతులు, విరేచనాలు తెచ్చేదేదో ఆ సీసాలో కనపడదు. పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరూ అంతంతమాత్రమే, వెన్న తీసి నీళ్లు పోస్తే రీడింగు సరిగ్గానే చూపిస్తుంది.

ఆ పాత చట్టం స్థానంలో 2006 ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అయ్యాడు, మూడు భాగాలు నాలుగయ్యాయి, క్రిముల పరీక్షకి ఫార్మలిన్ కలపని శాంపిల్ వేరుగా తీయొచ్చు. నాసిరకం అని తేలితే ఇక జైలు లేదు, 5 లక్షల దాకా జరిమానా; జైలు ఆరోగ్యానికి ముప్పు తెచ్చే సరుక్కి. రిపోర్టుకి గడువు 14 రోజులు. ఈలోపు ఆ పాలు కాఫీ అయి, పెరుగయి, ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి.

అదే 2011లో దేశవ్యాప్తంగా 1,791 పాల శాంపిల్స్ తీస్తే 68.4 శాతం ప్రమాణాలకి తగ్గాయి, ఇంకేముంది, పాలన్నీ విషమే అని ప్రచారం. నిజానికి వాటిలో ఎక్కువగా దొరికింది నీళ్లే. 2018లో 6,432 శాంపిల్స్ చూస్తే 93 శాతం తాగడానికి సురక్షితమని తేలింది.

ఐస్‌క్రీముదీ ఇదే వరస. 10 శాతం పాల వెన్న ఉండాలి, వెజిటబుల్ నూనెతో చేస్తే ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి, అంతవరకూ చట్టం చక్కగా లెక్క కడుతుంది. కానీ అసలు తంటా తయారయ్యాక మొదలవుతుంది, కరెంటు పోయి కరిగిన సరుకుని మళ్లీ గడ్డకట్టించి అమ్మడం దగ్గర.

మన డెల్టాకి ఇంకోటి కూడా ఉంది. రొయ్యలకి, చేపలకి ఐసు కావాలి కాబట్టి ఊరూరా ఐసు ఫ్యాక్టరీలు. ఆ గడ్డ సోడా బండికీ, జ్యూసు షాపుకీ పోకుండా చూడాలి కదా. అందుకే నిల్వకి, రవాణాకి వాడే తినకూడని ఐసులో నీలం రంగు కలపాలని 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ చెప్పింది. ఆ రంగు ఉందో లేదో చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు, 14 రోజులూ అక్కర్లేదు, పొద్దున్నే ఒకసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే చాలు.