రెండు భాషలు మాట్లాడే మా ఊళ్ళ పెద్దవాళ్ళు, వాళ్ళ జ్ఞాపకశక్తి

ఒడిశాలో మన సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి బజార్లో కూరగాయలమ్మే మామ్మలని చూడండి, మనతో తెలుగులో బేరమాడుతూనే పక్కన నిల్చున్నాయనకి ఒడియాలో రేటు చెప్పేస్తారు, కొండ మీంచి సవరోళ్ళొస్తే వాళ్ళ మాటలో నాలుగు ముక్కలు, చిల్లర లెక్క మాత్రం మళ్ళీ తెలుగులోనే. చాలామంది బడికెళ్ళినోళ్ళు కూడా కాదు. బరంపురం, రాయగడ, గుణుపురం ఎక్కడైనా ఇది మామూలే కాబట్టి మనం పట్టించుకోం.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి టీమ్ మాత్రం పట్టించుకుంది. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయి రోజువారీ పనులకి కూడా అడ్డొచ్చే జబ్బు, వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో పేపర్ వేశారు. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే రెండో భాష కూడా వచ్చినవాళ్ళకి జబ్బు 4.5 ఏళ్ళు లేటుగా మొదలైంది. చదువుకున్నారు కాబట్టేమో అనుకుంటాం కదా, కానీ అక్షరం ముక్క రానివాళ్ళలోనూ ఆ తేడా ఉంది, నాకు అన్నిటికన్నా సంతోషమనిపించింది ఇదే. మూడో భాష వస్తే ఇంకా ఎక్కువ లాభం అని మాత్రం తేలలేదు.

రెండో భాష వస్తే జబ్బు లేటవడం ఎందుకంటే, రెండు భాషలొచ్చినవాళ్ళ తలలో ఒకటి మాట్లాడుతున్నప్పుడు రెండోది కూడా మేలుకునే ఉంటుందట, దాన్ని ఆపి ఇది బయటికి తియ్యడం, మనిషి మారగానే అటు ఇటు మార్చడం, ఈ కసరత్తు రోజంతా జరుగుతుంటే మెదడుకి కొంత నిల్వ బలం వస్తుందని సైంటిస్టుల ఆలోచన. జబ్బు రాకుండా ఆపదు, లక్షణాలు బయటపడటం ఆలస్యమవుతుంది, అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన స్టడీల్లో చాలావాటిలో ఈ లాభం కనపడలేదు కూడా, కాబట్టి ఇంకా తేలని విషయమే.

నా బాధల్లా, పెద్దవాళ్ళకి మాట్లాడే మనిషే లేకుండా పోవడం. పిల్లల దగ్గరికి విశాఖో బెంగుళూరో వెళ్ళి ఫ్లాట్‌లో కూర్చుంటారు, ఒడియా మాట్లాడేవాళ్ళుండరు, పైగా చెవి సరిగా వినపడదు, రెండుసార్లు "ఆఁ?" అన్నాక ఇంట్లోవాళ్ళు చెప్పడం మానేస్తారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన, డిమెన్షియా రిస్క్ పెంచే 14 కారణాల్లో వినికిడి లోపం, ఒంటరితనం రెండూ ఉన్నాయి, బీపీ, షుగర్, చూపు తగ్గడం సరేసరి. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ, వినికిడి తగ్గినవాళ్ళకి చెవి మిషన్లు పెట్టి మూడేళ్ళు చూస్తే మొత్తం మీద పెద్ద తేడా రాలేదు గానీ, రిస్క్ ఎక్కువున్న గుంపులో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం తక్కువైంది.

అందుకే టీవీ సౌండ్ పెంచమని తాతగారు పదేపదే అంటుంటే విసుక్కోకుండా ఓసారి చెవి డాక్టర్‌కి చూపించండి, ఒక్కోసారి గులిమి తీసినా చాలు వినపడుతుంది. ఊళ్ళో ఉన్న ఆయన ఒడియా దోస్త్‌కి రోజూ ఫోన్ కలిపి పెట్టండి.