కోతి పళ్ళు ఇకిలిస్తే నవ్వినట్టు కాదు

చిట్టీ, బుజ్జిగా,

మొన్న వీడియో కాల్‌లో బుజ్జిగాడు అడిగింది రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతానే ఉంది. "తాతా, నువ్వు కోతులకి సూదులు పొడిచే ఆఫీసులో పనిచేశావంట కదా, పాపం కదా?" అని. మీ అమ్మ గబుక్కున ఫోన్ లాక్కుని మాట మార్చేసింది. మార్చాల్సిన పనేం లేదు, అడగాల్సిన ప్రశ్నే అది. ఫోన్లో అయితే మీ అవ్వ మధ్యమధ్యలో ఏదో ఒకటి అందుకుంటుంది, అందుకే ఇట్లా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చిన కొత్తల్లో నాకు ఒక ల్యాబ్‌లో కోతుల ఇల్లు చూసుకునే పని దొరికింది. బోన్లు కడగడం, మేత పెట్టడం, అంతే. తిరుమల మెట్ల దారిలో మీ చేతిలో కొబ్బరి చిప్ప లాక్కుంది చూడండి, నెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టుండే కోతి, బానెట్ మకాక్ అంటారు, అవే ఇక్కడా ఉండేవి. అప్పట్లో ఒక్కో బోనుకి ఒక్కో కోతి. శుభ్రానికి లోటు లేదు, ఫినాయిల్ వేసి నేనే కడిగేవాణ్ణి, తిండికి లోటు లేదు, డాక్టరు వచ్చి చూసిపోయేవాడు. ఒక ముసలి ఆడకోతి ఉండేది, రికార్డులో దాని పేరు ఛాతీ మీద పచ్చబొట్టు పొడిచిన నెంబరే, మేము మాత్రం గౌరమ్మ అనేవాళ్ళం. అది పొద్దున్నించి సాయంత్రం దాకా ఎడమ మూల నుంచి కుడి మూలకి పోయి, అక్కడ ఒక గెంతు గెంతి, మళ్ళీ ఎడమకి, ఎన్నిసార్లో లెక్కపెడదామని మొదలుపెట్టి నేనే విసిగి మానేశా. ముంజేతి మీద వెంట్రుకలు తనే పీక్కుని చర్మం కనిపించేది. గజ్జేమో అని మందు రాశారు, తగ్గలా. తర్వాత కోతుల ప్రవర్తన చదువుకున్న ఒక మేడమ్ వచ్చి, గంటసేపు కదలకుండా నిలబడి చూసి, "దీనికి జబ్బేం లేదు, చేసుకోను పనే లేదు" అంది.

నాకు నవ్వొచ్చింది, కోతికి పనేంటి అని. కానీ ఆలోచించండి, అడవిలో కోతికి రోజులో సగం టైమ్ తిండి వెతుక్కోడానికే సరిపోతుంది, ఆకు తిప్పి చూడాలి, కాయ పగలగొట్టాలి, పెద్దకోతి వచ్చి లాక్కునేలోగా బుగ్గసంచిలో దాచుకోవాలి, మిగతా టైమ్‌లో ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి. మేమేమో అదంతా ఒక గిన్నెలో పోసి అయిదు నిమిషాల్లో ముగించేస్తున్నాం. అప్పట్నించి గిన్నె మానేసి బొరుగులు, చెనక్కాయలు వరిగడ్డిలో కలిపి చల్లడం మొదలుపెట్టాం, పైపులకి బొక్కలు పెట్టి లోపల కాయలు దాచాం, ఏప్రిల్ ఎండల్లో జామకాయ ముక్కలు వేసి ఐస్ గడ్డ కట్టించి ఇచ్చాం. అరటిపండు తక్కువేరా, సినిమాల్లో చూపించినట్టు కాదు, తీపి ఎక్కువ దాంట్లో. జామకాయ ఎందుకంటే మనకి లాగే వాటికీ విటమిన్ సి ఒంట్లో తయారు కాదు. గౌరమ్మ మొదటిరోజు ఆ గడ్డి వైపు చూడను కూడా లేదు. మూడో రోజు ఒక్క చెనక్కాయ దొరికింది దానికి, వలిచి, వాసన చూసి, తిని, ఇంక సాయంత్రం దాకా తల ఎత్తలా.

దానికి జత కలపడంలో మాత్రం తప్పు నాదే. ముందు ఇద్దరి మధ్య జాలీ పెట్టి కొన్ని రోజులు చూడమన్నారు, పెదాలు చప్పరించుకుంటున్నాయా, వీపు తిప్పి గీకమంటున్నాయా అని. నేను తొందరపడి జాలీ తీసేశా. గౌరమ్మ చెవి కొస తెగింది, కుట్లు పడ్డాయి. మళ్ళీ మొదట్నించి నెలరోజులు పట్టింది. ఆ తర్వాత ఆ రెండూ రాత్రిళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునే పడుకునేవి, చేతి మీద వెంట్రుకలు సగం పైన తిరిగొచ్చాయి. సగమే. పూర్తిగా రాలేదు.

ఇంక సూది సంగతి. పాత పద్ధతిలో బోను వెనక గోడ ముందుకు జరిగేది, హ్యాండిల్ లాగితే కోతి ముందు కమ్మీలకి అతుక్కుపోతుంది, అప్పుడు పొడిచేవాళ్ళు. ఆ హ్యాండిల్ కిర్రుమంటే చాలు, గదిలో ఉన్నవన్నీ అరిచి బోన్లు పాడుచేసుకునేవి. భయపడ్డ కోతి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను, షుగర్ పెరిగిపోతాయి, ఇంక ఆ రిపోర్టు దేనికి పనికొస్తుంది చెప్పండి. దానికి బదులు కర్ర కొసకి ఎర్ర బంతి కట్టి, దాన్ని ముట్టుకుంటే టిక్ అని ఒక చప్పుడు, ఒక ఎండుద్రాక్ష. తర్వాత చెయ్యి బయట పెడితే ద్రాక్ష, సూది లేని సిరంజి తాకితే ద్రాక్ష. రెండు నెలల పైనే పట్టింది, ఒకరోజు గౌరమ్మ తనే చెయ్యి చాపి ఇటు తిరిగి ద్రాక్షల డబ్బా వైపు చూస్తా ఉంది, రక్తం తీసేశాం. ఇష్టం లేని రోజు చెయ్యి లోపలికి లాక్కునేది. ఆ రోజు తీసేవాళ్ళం కాదు.

ఈ తెలివి మనుషులకి ఊరికే రాలేదు. 1950ల్లో అమెరికాలో హ్యారీ హార్లో అని ఒకాయన, పుట్టిన కోతిపిల్లల్ని తల్లి నుంచి వేరుచేసి పాలసీసా ఉన్న తీగ బొమ్మ ఒకటి, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి పెట్టాడు. పిల్లలు పాలు తాగి పరిగెత్తుకొచ్చి గుడ్డ బొమ్మనే పట్టుకునేవి. ఏ తల్లిని అడిగినా చెప్పేదానికి అన్ని పిల్లల్ని ఏడిపించాలా అని నా కోపం. తర్వాత కొన్నిటిని నెలల తరబడి ఒంటరిగా పెట్టాడు, అవి తమని తామే కౌగిలించుకుని ఊగేవి. కోతులకి ఒళ్ళే కాదు మనసు కూడా బాగుండాలని అక్కడ చట్టంలో రాసుకున్నది 1985లో.

మరి అసలు కోతులెందుకు అంటావు. 2020లో కరోనా టీకా కోవాగ్జిన్‌ని మనుషుల మీద పరీక్షించే రోజుల్లోనే 20 రీసస్ కోతుల మీద కూడా చూశారు. మీ అవ్వ వేయించుకున్నది అదే. మన దేశంలో 1960 చట్టం చిన్న జంతువుతో అయ్యేపనికి పెద్దదాన్ని వాడొద్దంటుంది, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోందే మొదలుపెట్టకూడదు, ఆ కమిటీలో సైన్సుతో సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి. కాబట్టి పాపం కాదు అంటానా? అననురా. గౌరమ్మని ఎవరూ అడగలేదు కదా ఇక్కడుంటావా అని. వద్దని పని మానేస్తే గడ్డిలో చెనక్కాయలు ఎవరు చల్లుతారని నేను ఉండిపోయా. నువ్వు పెద్దయ్యాక కోతులే అక్కర్లేని దారి కనుక్కుంటే నాకంటే సంతోషించేవాడు లేడు.

వేసవి సెలవుల్లో చెన్నై నుంచి రండి, పొద్దున్నే నంది కొండకి పోదాం. చిప్స్ ప్యాకెట్ కారులోనే పెట్టాలి చిట్టీ, ముందే చెప్తున్నా. కోతి కళ్ళలోకి సూటిగా చూడొద్దు, అది గొడవకి పిలిచినట్టు. అది పళ్ళు ఇకిలిస్తే నవ్వుతా ఉందని దగ్గరికి పోవద్దు, భయపడింది అని. నోరు గుండ్రంగా తెరిచి రెప్ప వేయకుండా చూస్తే వెనక్కి వచ్చేయాలి. పెదాలు టపటపా చప్పరిస్తే మాత్రం, నీతో నాకేం గొడవ లేదు అని, గౌరమ్మ పొద్దున్నే నన్ను పలకరించేది అట్లాగే, నేనూ అట్లాగే బదులిచ్చేవాణ్ణి, చూసినోళ్ళు నవ్వుకునేవాళ్ళు. బుజ్జిగా, నీకు ముందు పళ్ళు రెండు ఊడినాయంట కదా, చప్పరించడం నీకే బాగా వస్తుంది, ప్రాక్టీస్ చేసి రా.

మీ తాత
మత్తికెరె, బెంగళూరు