అద్దాల బీరువాలో పెడితే పుస్తకం భద్రమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత పుస్తకాలకు, తాళపత్రాలకు మరమ్మతు చేయడం నా పని. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం లాంటి చోట్లకు వెళ్లినవాళ్లు తరచూ అడుగుతారు: ఇంత అపురూపమైనవి అందరికీ కనబడేలా ఎందుకు పెట్టరని. న్యాయమైన కోరికే. పెట్టాలి కూడా. అయితే ఎలా పెట్టాలన్న దగ్గరే చిక్కంతా.

అపోహ: అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు.

దొంగల భయం పోతుంది, దుమ్ము తగ్గుతుంది. వెలుతురు మాత్రం ఆగదు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలను పూర్తిగా అడ్డుకోదు. ఎల్‌ఈడీ దీపాల్లో ఆ కిరణాలు దాదాపు ఉండవు, నిజమే. కానీ కంటికి కనిపించే కాంతి కూడా రంగులను వెలిసిపోయేలా చేస్తుంది. అందుకే వెలుతురును 50 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలమానం) దాటనివ్వం. లోపలికి రాగానే చీకటిగా ఉందనిపిస్తుంది, కాసేపటికి కళ్లు అలవాటు పడతాయి.

ఆ 50 లక్స్ కూడా ఊరికే పోదు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు లెక్కేస్తే 1,20,000 లక్స్ గంటలు. రాత్రంతా దీపాలు ఆర్పినా పగలు తగిలిన దెబ్బ మానదు, మరునాటి దెబ్బ దాని మీదే పడుతుంది. అందుకే మూడు నెలలకోసారి పేజీ తిప్పుతాం, లేదా పుస్తకాన్నే మారుస్తాం. అద్దం మీద మందపాటి గుడ్డ కప్పి, చూసేవాళ్లే దాన్ని ఎత్తి చూసే ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

పుస్తకాన్ని బల్లపరుపుగా తెరిచి పెట్టడం ఇంకో పొరపాటు. వెన్ను విరుగుతుంది. అట్టలకు రెండు వైపులా ఆసరా ఇచ్చి, అది హాయిగా తెరుచుకున్నంత వరకే తెరవాలి.

అపోహ: తెల్ల గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు.

ఫొటోలకైతే గ్లౌజులు కావాలి. కాగితానికి వద్దు. నూలు గ్లౌజు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, పెళుసు అంచు దారానికి తగులుకుని చిరుగుతుంది. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని పట్టుకుంటే చాలు.

అపోహ: ఎంత పాతదైతే అంత పెళుసు.

ఇది చెబితే చాలామంది నమ్మరు. తంజావూరు గ్రంథాలయం సరస్వతీ మహల్‌లో మన తెలుగు తాళపత్రాలతో పాటు, శరభోజి రాజు (పాలన 1798–1832) సేకరించిన యూరప్ పుస్తకాలూ ఉన్నాయి. ఆ రోజుల్లో కాగితం గుడ్డపీలికలతో చేసేవారు, అది గట్టిది. 19వ శతాబ్దం రెండో సగం నుంచి చెక్కగుజ్జు, పటిక వాడకం పెరిగింది. ఆ కాగితంలోనే ఆమ్లం ఉంటుంది. అందుకే 1930ల నాటి దినపత్రిక అప్పడంలా విరుగుతుంది, దానికన్నా నూట యాభై ఏళ్లు పెద్దదైన పుస్తకం మెత్తగా వంగుతుంది. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఆ పత్రికలే. వాటిని ఎండలో పెట్టకండి, లామినేషన్ అసలే వద్దు. ఒకసారి వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను విడదీయబోతే అక్షరాలు దానితోనే వచ్చేస్తాయి.

అపోహ: కలరా ఉండలు వేస్తే పురుగు పట్టదు.

వాటి ఘాటు లోపల పని చేసేవాళ్లకే చేటు. కోస్తా ఊళ్లలో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు మొదలవుతుంది, గాలాడని బీరువాలో మరీ త్వరగా. బీరువాను గోడకు ఆనించకుండా జరపండి. బైండింగ్ జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటు కూడా మానాలి. పురుగును ఆపుతుందేమో గానీ, అందులోని రాగి కాగితాన్ని తినేస్తుంది.

ఇంట్లో తాళపత్రాలుంటే కొబ్బరినూనె పూయకండి, జిడ్డుకు దుమ్ము పట్టి నల్లబడతాయి. గంటంతో చెక్కిన ఆకులకు మేం నిమ్మగడ్డి నూనె పలచగా రాస్తాం, అదీ ఒక మూల పరీక్షించాకే. సిరాతో రాసినవైతే ఆ నూనె కూడా ముట్టించం. ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోతే కత్తితోనో గోటితోనో విడదీయకుండా, కట్టను అలాగే ఉతికిన నూలుగుడ్డలో చుట్టి మాలాంటి వాళ్ల దగ్గరికి తీసుకురండి.