వాలుకు అడ్డంగా

మా ఊళ్లో సున్నం వేసిన ప్రతి గోడకీ అడుగున జేగురు రంగు పట్టీ ఉంటుంది. చాలాకాలం అది అందం కోసమే అనుకున్నాను. మూడేళ్ల కిందట పెరటి గోడకి పట్టీ లేకుండా మొత్తం తెల్లగా సున్నం కొట్టించాను. వైశాఖంలో పడ్డ ఒక్క వానకి గోడ మోకాలెత్తు దాకా ఎర్రటి చుక్కలతో నిండిపోయింది. అడుగున దట్టంగా, పైకి వెళ్లే కొద్దీ పలచగా. మా అమ్మ చూసి నవ్వింది. పట్టీ ఎందుకు వేస్తారో అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఆ చుక్కలన్నీ పెరట్లోని మట్టే. పెద్ద వాన చినుకు నేలను తాకేటప్పటికి దాని వేగం సెకనుకు 9 మీటర్ల దాకా ఉంటుంది. అంటే గంటకు 30 కిలోమీటర్ల పైమాటే, ఊళ్లో తిరిగే మోటారు సైకిలు వేగం. నేల మీద ఆకో, గడ్డో ఉంటే ఆ దెబ్బ అది కాచుకుంటుంది. ఏమీ లేకపోతే మట్టి బెడ్డ చిట్లి, రేణువులు అర మీటరు పైకి, మీటరున్నర పక్కకి ఎగురుతాయి. చదునైన నేల మీద ఇటు నుంచి అటు ఎంత ఎగిరితే, అటు నుంచి ఇటు అంతే ఎగురుతుంది, లెక్క సరిపోతుంది. వాలు మీద అలా సరిపోదు. ప్రతి చినుకూ మట్టిని పై వైపు కంటే కింది వైపుకే కాస్త ఎక్కువ తోస్తుంది. పైగా చిట్లిన సన్న రేణువులు నేల రంధ్రాల్లో ఇరుక్కుని మూత వేసినట్టు చేస్తాయి. తర్వాత పడే వాన లోపలికి ఇంకదు, పారుతుంది, పారుతూ మట్టిని మోసుకుపోతుంది.

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందనుకుందాం. కంటికి ఆనదు. గుణించి చూస్తే నాలుగు ఘనపు మీటర్లు, సుమారు ఐదున్నర టన్నులు. రెండు ట్రాక్టరు ట్రక్కులకు తక్కువ ఉండదు. ఎవరైనా రాత్రికి రాత్రి మన చేలోంచి రెండు ట్రక్కుల మన్ను తోలుకుపోతే ఊరంతా పంచాయితీ అవుతుంది. వాన తోలుకుపోతే మాత్రం "ఈ ఏడు బాగా కురిసింది" అంటాం. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారవడానికి వెయ్యేళ్ల దాకా పడుతుందని నేల శాస్త్రం చెబుతుంది. వర్షాకాలంలో శ్రీకాకుళం పాత వంతెన మీద నిలబడి నాగావళిని చూడండి. ఆ ఎరుపులో కొంత ఒడిశా కొండలది, కొంత మన గరువులది, అంటే మెట్ట చేలది.

మాది చీపురుపల్లి పక్క పల్లె. ఒకటిన్నర ఎకరం గరువు, ఎర్ర ఇసుక నేల, పడమటి నుంచి తూర్పుకి మెల్లగా వాలు. నేను ఉద్యోగం మానేసి వచ్చిన తొలి వేసవిలో ట్రాక్టరు పిలిచి దున్నించాను. డ్రైవరు పై గట్టు దగ్గర మొదలెట్టి తిన్నగా కింది గట్టు దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు. చాళ్లన్నీ వాలు వెంటే. మూడో రోజున పడ్డ వానకి ఒక్కో చాలూ ఒక్కో కాలువ అయింది. కింది గట్టు తెగి, గత్తం (పశువుల ఎరువు) తోలిన పై మట్టంతా పక్కవాళ్ల పల్లంలో చేరింది. వాళ్లకి ఆ ఏడు వరి బాగా పండిందని వేరే చెప్పనక్కర్లేదు.

డ్రైవరుది తప్పని కొన్నాళ్లు అనుకున్నాను. కానీ అసలు చిక్కు ఎక్కడుందంటే, అన్నదమ్ములు వాటాలు వేసుకునేటప్పుడు ప్రతివాడికీ కొంత మెట్ట, కొంత పల్లం రావాలని భూమిని పై నుంచి కిందికి పట్టీలుగా చీలుస్తారు. న్యాయమైన పంపకమే. దాంతో చేను పొడుగంతా వాలు వెంట, వెడల్పు మాత్రం నాలుగు బారలు. ట్రాక్టరుకి అద్దె గంట లెక్క. వాలుకి అడ్డంగా దున్నాలంటే నిమిషానికోసారి మలుపు తిరగాలి, డీజిలు కాలాలి, గంట కాస్తా గంటన్నర అవుతుంది. నాగలి రోజుల్లో ఎడ్లు ఎటు తిప్పితే అటు తిరిగేవి. మట్టి కోతకి వాన ఒక కారణమైతే, వాటాల పంపకం ఒక కారణం, ట్రాక్టరు మీటరు ఇంకో కారణం.

అయితే అసలు దున్నడం ఎందుకు? ఆ మాట మా చిన్నాన్నని అడిగాను.

"పురుగు సావాలంటే దున్నాల్రా. మీ తాత అలాగే సెప్పీవోడు" అన్నాడు.

తాత చెప్పింది నిజమే. ఆయన మనసులో ఉన్న పురుగు మాత్రం వేరు. మన ఎర్ర నేలల్లో వేరుశనగకి పాత శత్రువు ఎర్ర గొంగళి పురుగు. తొలకరి పెద్ద వాన పడిన సాయంత్రాల్లో దాని రెక్కల పురుగులు నేలలోంచి గుంపుగా లేస్తాయి. ఆకుల కింద గుడ్లు పెడతాయి. పిల్లలు పెరిగి, ఒక చేను తినేసి పక్క చేలోకి దండులా నడుస్తాయి. అందుకే గట్ల మీద మంటలు వేసేవాళ్లు, చేను చుట్టూ కందకాలు తీసేవాళ్లు. తిండి అయిపోయాక అది జానెడు లోతు లోపు మట్టిలోకి దిగి కోశం కట్టుకుని, మళ్లీ ఏడాది తొలకరి దాకా నిద్రపోతుంది. నెలల తరబడి నిద్ర. కాబట్టి వేసవిలో ఎప్పుడు దున్నినా అది అక్కడే ఉంటుంది, తిరగబడి ఎండకి మాడుతుంది, కాకులకీ గోరింకలకీ పశులకొంగలకీ దొరుకుతుంది. వేసవి దుక్కి ఈ పురుగు కోసం కొలత తీసి కుట్టిన చొక్కా లాంటిది.

ఇప్పుడు మా పొలాల్లో వేరుశనగ తగ్గి మొక్కజొన్న వచ్చింది. దాని వెంటే కత్తెర పురుగు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల పురుగిది. 2016లో ఆఫ్రికాలో కనిపించింది, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో మన దేశంలో తొలిసారి బయటపడింది, ఆ తర్వాత తెలుగు నేల మీదకి రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. రెక్కల పురుగు గాలివాటు కుదిరితే ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగరగలదు. ఆడది జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది.

ఈ పురుగుకి దీర్ఘనిద్ర అనేది లేదు. కోశం కట్టేది మట్టిలోనే, రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లోతులో. కానీ మన వేడికి ఎనిమిది తొమ్మిది రోజుల్లో రెక్కలొచ్చి లేచిపోతుంది, చలిలో అయితే ఇరవై ముప్పై రోజులు పడుతుంది. మార్చిలో మొక్కజొన్న కోసి, జూన్‌లో మృగశిర కార్తెకి ముందు దున్నితే అక్కడ దొరికేది ఖాళీ డొల్ల. అంటే మా ఊళ్లో నేను గమనించినంత వరకు, పాత పురుగు తారీఖుకి కొత్త పురుగు మీద యుద్ధం చేస్తున్నాం. పురుగు దొరకడం లేదు, మట్టి మాత్రం సరిగ్గా తొలకరి ముందు వదులై, కొట్టుకుపోవడానికి సిద్ధంగా ఉంటోంది.

మొక్కజొన్న మీద వెంటనే మళ్లీ మొక్కజొన్న వేసేవాళ్లకి రెండు పంటల నడుమ దుక్కి నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే కోశాలు అప్పటికి ఇంకా మట్టిలో ఉంటాయి. నీళ్లు నిలిచిన వరి మడిలో ఈ పురుగు కోశం కట్టుకోలేదు, కాబట్టి వరి కోసిన మడిలో దున్నకుండా మొక్కజొన్న గింజ పెట్టినా పురుగు విషయంలో నష్టమేమీ లేదు. అసలు మొక్కజొన్న తర్వాత మినుమో పెసరో వేస్తే దానికి ఇష్టమైన తిండే ఆగిపోతుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే పొలం దాకా వెళ్లక్కర్లేదు. పెరట్లో పొత్తుల కోసం రెండు వరసలు వేసుకున్నా వస్తుంది. ముందు ఆకు మీద అద్దం బిళ్లల్లా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, పసి పురుగు పచ్చదనం గీకి పొర వదిలేసిన గుర్తులవి. వారం పోయాక సుడిలో, అంటే మొక్క నడిమధ్య లేత ఆకులు చుట్టుకుని ఉండే చోట, రంపపు పొట్టు లాంటి రెట్ట. ఆ పొట్టు తొలగిస్తే లోపల ఒక్కటే పురుగు ఉంటుంది. ఒక సుడిలో రెండుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే అదే.

మొదటి ఏడు కొట్టువాడు ఇచ్చిన డబ్బా తెచ్చి మూడుసార్లు కొట్టాను. సుడి లోపల, తన రెట్ట మూత కింద కూర్చున్న పురుగుకి ఆకు మీద పడ్డ మందు ఎలా తగులుతుంది? చచ్చింది అక్షింతల పురుగులూ, సాలీళ్లూ. రెండో ఏడు ఇసుక తొమ్మిది పాళ్లు, సున్నం ఒక పాలు కలిపి, మొక్క నెల లోపు ఉండగానే ప్రతి సుడిలో చిటికెడు వేశాను. మొక్కజొన్న పరిశోధకులు సిఫారసు చేసిన పద్ధతే. "ఏటిరా, ఉప్మాలో ఉప్పేసినట్టు ఏస్తన్నావు?" అని చిన్నాన్న ఎగతాళి చేశాడు. ఇసుక పురుగు మెత్తటి ఒంటిని ఒరుసుకుంటుంది, సున్నం మంట పుట్టిస్తుంది. గుడ్ల ముద్దలు కనిపించగానే ఆకు తుంచి నలిపేయడం, పసి దశలో 1500 పీపీఎం గాఢత ఉన్న వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి సుడిలోకి పడేలా కొట్టడం కూడా చేశాను. ఇరవై సెంట్ల వరకు ఇది హాయిగా సాగుతుంది. ఐదెకరాల రైతుకి చిటికెలతో పని కాదని ఒప్పుకుంటాను.

ఉద్దానం వైపు కథ ఇంకోలా ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ పడగొట్టి వెళ్లింది. నిలిచిన చెట్లకీ, కొత్తగా నాటిన మొక్కలకీ సర్పిలాకార తెల్లదోమ మరో బెంగ. అదీ బయటి నుంచి వచ్చిందే, 2016లో దక్షిణాదిలో మొదట కనిపించింది. ఆకు అడుగున సుడులు తిరిగినట్టు గుడ్లు పెడుతుంది, తేనె లాంటి జిగురు కారుస్తుంది, ఆ జిగురు మీద నల్లటి బూజు పట్టి చెట్టు మసి పూసినట్టవుతుంది. చూడగానే గుండె జారుతుంది గానీ చెట్టు చావదు. దానికి టెన్షన్ పడి రసాయన మందు కొడితే దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ ముందు చస్తుంది. అంబాజీపేట పరిశోధన కేంద్రం ఈ దోమ మీదకి ఐసేరియా అనే శిలీంద్రాన్ని పెంచి ఇస్తోంది. మొక్కలు తెచ్చుకునేటప్పుడు ఆకు తిరగేసి చూసుకుంటే ఇంత దూరం రాదు. కొత్త పురుగుల్లో సగం మన డబ్బులతో, మన బండి మీదే వస్తాయి.

గరువు సంగతికి వస్తే, డ్రైవరుకి అరగంట అద్దె అదనంగా ఇచ్చి అడ్డంగా దున్నిస్తున్నాను, అదీ ఏప్రిల్ జల్లులకి ఒక్కసారే. ఇప్పుడు ప్రతి చాలూ ఒక చిన్న గట్టు, నీటిని ఆపుతుంది. వెంటనే జనుము, పిల్లిపెసర, నువ్వు, చోళ్లు, గంటెలు కలిపి చల్లేస్తాను. తొలకరి నాటికి జానెడు పచ్చదనం ఉంటే చాలు, చినుకు దెబ్బ దాని మీదే పడుతుంది. గట్ల మీద కంది. పెరట్లో ఆరుద్ర కార్తెకి ఆనప, బీర పాదులు పెట్టి మధ్యలో గుమ్మడి పాకిస్తాను. దాని ఆకు గొడుగు లాంటిది. చలికాలపు వంగ, టమాటా మొదళ్లకి ఎండుగడ్డి కప్పుతాను. గడ్డిలో చెదలు వస్తాయని అమ్మ గొడవ. ఒకసారి వచ్చాయి కూడా, కాండానికి ఆనించకుండా నాలుగు వేళ్లు ఎడం వదలడం అప్పటి నుంచి అలవాటైంది.

ఈ ఏడు మొదటి పెద్ద వానలో గొడుగేసుకుని రెండు గాజు సీసాలు పట్టుకుపోయాను. ఒకదాంట్లో మా కింది గట్టు మీంచి పొర్లిన నీళ్లు, ఇంకోదాంట్లో వాలు వెంట దున్నిన చేలోంచి వచ్చినవి. రెండూ అరుగు మీద పెట్టాను. గంటలో ఇసుక దిగింది, సాయంత్రానికి ఒండ్రు దిగింది. మా సీసా అడుగున చిటికెన వేలి గోరంత, రెండోదాంట్లో రెండు వేళ్ల మందం. నేను గర్వంగా చూపిస్తుంటే చిన్నాన్న సీసాలు ఎత్తి వెలుగుకి పట్టాడు.

"మరి ఈ పై నీళ్లు తేరుకోలేదేటి?"

నిజమే, మూడు రోజులైనా రెండింట్లోనూ పై నీరు పలచటి టీ రంగులోనే ఉంది. అది బంకమట్టి. దాని రేణువులు మరీ చిన్నవి, ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి. ఎరువులోని పోషకాల్ని పట్టి ఉంచేది ఎక్కువగా అవే. చిన్నాన్న లోపలికెళ్లి పటిక ముక్క తెచ్చి, ముందు నా సీసాలోనే తిప్పాడు. కాసేపటికి దూదిపింజల్లా ముద్దలు కట్టి దిగడం మొదలైంది.

"నీ సేలోంచి కూడా బానే పోతోంది" అన్నాడు.